మెట్ల తలుపుకు ఆనించిన ఆపద సంచి

అగ్గిపెట్టె తడిస్తే లైటరు ఉంటుంది, సరే. లైటరులో గ్యాసు అయిపోతే? ఇంకో లైటరు పెడదాం. ఆ రెండూ కలిసి నీళ్ళలో పడితే? అప్పుడు అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవర్ని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా మూత చుట్టూ టేపు వేస్తే... మరి ఆ టేపును చీకట్లో గోరుతో ఊడదీయగలమా? కత్తెర కావాలి. కత్తెర ఇంట్లో ఎక్కడుంది?

కత్తెర ఎక్కడుందో వైకుంఠానికి తెలియదు. అతని భార్య స్వరూపకూ తెలియదు. ఇంటర్ చదివే కూతురు స్రవ్యకు తెలుసుగానీ, చెబితే ఆ కత్తెరతో తను ముందు జుట్టు కత్తిరించుకున్న సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని ఊరుకుంది.

ఇక్కడే మనం ఒక మాట నిర్భయంగా ఒప్పుకోవాలి. ప్రతి సంసారానికీ ఒక ప్రళయం అవసరం! అది నిజంగా రావాల్సిన పనిలేదు. వస్తుందన్న కబురు చాలు. ప్రళయం లేని ఇంట్లో కత్తెర దొరకదు. టార్చిలైటు దొరకదు. దొరికినా అందులో బ్యాటరీలు ఉండవు, అవి గోడ గడియారంలో ఉంటాయి. అదే ఇంట్లో ఒక ఆపద సంచి సర్ది చూడండి, పెళ్ళినాటి నుంచి కనబడని వస్తువులన్నీ బుద్ధిగా ఒకచోటికి వచ్చి కూర్చుంటాయి. భయం మనిషిని చెడగొడుతుందని పెద్దలు అన్నారు. ఆ పెద్దలెవరూ సంచి సర్దినవాళ్ళు కారు.

దీనికంతటికీ మూలం ఒక వీడియో. అందులో మోకాలి లోతు మంచులో నిలబడ్డ ఒక తెల్లగడ్డం ఆయన, ప్రతి కుటుంబమూ గుమ్మం దగ్గర ఒక సంచి సిద్ధంగా ఉంచుకోవాలనీ, ఆపద రాగానే దాన్ని భుజాన వేసుకుని బయల్దేరాలనీ చెప్పాడు. ఎక్కడికి బయల్దేరాలో చెప్పలేదు. అది చూసేవాళ్ళ సొంత విషయం కాబోలు.

వైకుంఠం ఆ వీడియోను భక్తితో చూశాడు. అతని ఇల్లు కార్వాన్‌లో, మూసీ వైపు వాలుగా దిగే గల్లీలో ఉంది. వానాకాలం వస్తే గల్లీ మొత్తం నది వైపు ఒక చెవి పడేసి నిద్రపోతుంది. పైగా అతను బస్సు డిపోలో స్టోర్స్ చూస్తాడు. స్టోర్స్ మనిషి ధర్మం లోకం తీరుకు కొంచెం వేరుగా ఉంటుంది. నట్టయినా, బోల్టయినా, బ్రేకు లైనింగయినా ర్యాకులో ఉన్నంతసేపే అది సరుకు. బయటికి పోయిందంటే నష్టం. సామాను ఉండాలి, వాడకూడదు. అలాంటి మనిషికి ఆపద సంచి కంటే తగిన దేవుడు ఎవరున్నారు?

గడ్డం ఆయన చెప్పినవన్నీ కొన్నాడు. కప్పుకుంటే గడ్డకట్టే చలిలో కూడా ఒంటి వేడి బయటికి పోనివ్వని వెండిరంగు దుప్పటి కొన్నాడు. ఏప్రిల్లో ఒకసారి దాన్ని కప్పుకుని పరీక్షించి, అది నిజంగానే పనిచేస్తుందని చెమటలు కారుస్తూ సంతోషించాడు. ఎలుగుబంటిని బెదరగొట్టే ఈల కొన్నాడు. కార్వాన్‌లో ఎలుగుబంటి కనబడక చాలాకాలమైంది, నిజమే. కానీ ఎలుగుబంటి ఇక రాదని ఎవరైనా హామీ ఇవ్వగలరా? నీళ్ళు శుద్ధి చేసే బిళ్ళలు, తాడు, గ్లూకోజు పొడి, పట్టీలు, పవర్ బ్యాంకు. ముగ్గురి ఆధార్ కార్డులూ లామినేషన్ చేయించి మరీ పెట్టాడు. ఇది అన్నింటికంటే ముఖ్యం. ఆధార్ లేకుండా ప్రాణాలతో బయటపడితే, బతికినట్టు రుజువేదీ?

స్వరూప ఇదంతా కూరగాయలు తరుగుతూ చూసింది. చూసి ఒకే ఒక్క సందేహం అడిగింది.

"నల్లా రెండు రోజులకోపారి వస్తది, డ్రమ్ములల్ల పట్టుకుంటం. కరెంటు పోతది, కొవ్వొత్తి ముట్టిస్తం. దినాం చేసేదానికి మల్ల సంచెందుకయ్యా?"

చూశారా అజ్ఞానం! పేరు లేకుండా చేస్తే అది ఇంటిపని. సంచిలో పెట్టి చేస్తే అదే సంసిద్ధత. ఈ తేడా తెలియకనే మన ఆడవాళ్ళు ఇన్ని తరాలుగా విపత్తు నిర్వహణ చేస్తూ కూడా దాన్ని వంట అనుకుంటున్నారు.

ఇక సంచిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. గుమ్మం దగ్గర గ్యాసు బండ ఉంది. మంచం కింద నీళ్ళ డ్రమ్ములున్నాయి. బీరువా పక్కన పడితే స్రవ్య పుస్తకాలకు చోటు పోతుంది. ఇల్లంతా కలిపితే రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో ఎవరికీ అక్కరలేని జాగా ఒక్కటే ఉంది. నడి గది చివర, మెట్ల తలుపు ముందు. ఆ తలుపు ఎవరూ తీయరు. అందుకని సంచిని తెచ్చి దానికి ఆనించాడు. ఆనించాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, ఆ చోటు ఆ సంచి కోసమే పుట్టినట్టు అనిపించింది.

ఆ తలుపు సంగతి చెప్పాలి. వైకుంఠం చెప్పడు కాబట్టి మనమే చెప్పాలి.

ఇల్లు తండ్రి కట్టింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కింది వాటా వైకుంఠానికి, మీది వాటా, డాబా అతని అన్న ఎల్లప్పకు వచ్చాయి. మెట్లు మాత్రం ఇంటి లోపలి నుంచే. ఎల్లప్ప ప్రతి పొద్దునా గ్లాసు పట్టుకుని ఆ మెట్లు దిగి వచ్చి, తలుపు మీద వేళ్ళతో తట్టి, మరదలు పోసిన చాయ్ తాగి పోయేవాడు. మీద ఆయన భార్య సుందరమ్మ పెట్టే చాయ్‌లో చక్కెర ఉండేది కాదు. తమ్ముడింట్లో డాక్టరు మాట చెల్లదు గదా!

తర్వాత ఒక బోనాల పండుగనాడు చుట్టాలందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, ఎల్లప్ప ఉత్సాహంగా పాత ముచ్చట ఒకటి ఎత్తాడు. చిన్నప్పుడు ఒకసారి మూసీ గల్లీలోకి వచ్చింది. ఎల్లప్ప తమ్ముణ్ణి మెడ మీద ఎక్కించుకుని ఇవే మెట్లెక్కి డాబా మీదికి చేర్చాడు. పిల్లవాడు భయంతో అన్న చెవి పట్టుకున్నాడు. మీదికి చేరినా వదల్లేదు. వాన నిలిచినా వదల్లేదు.

"ఈ చెవి జర పొడుగున్నది సూడుండ్రి," అన్నాడు ఎల్లప్ప, కుడి చెవి చూపించి. "వీని భయమే గిట్ల సాగింది."

అందరూ నవ్వారు. స్రవ్య లేచి వెళ్ళి పెద్దబాపు చెవులు రెండింటినీ జానతో కొలిచి, నిజమేనని తీర్పు చెప్పింది. మళ్ళీ నవ్వారు. వైకుంఠం కూడా నవ్వాడు. అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

మర్నాడు అఫ్జల్‌గంజ్ పోయి ఇనుప సామాన్ల దుకాణంలో ఒక గడియ కొనుక్కొచ్చాడు. దాన్ని మెట్ల తలుపుకు తన వైపున బిగించాడు. దొంగల కాలం అని స్వరూపకు చెప్పాడు. అన్నింటికీ తాళం ఉన్న ఇంట్లో, అన్న ఒక్కడే దిగివచ్చే దారిలో దొంగలెలా వస్తారని ఆమె అడగలేదు. ఆ తెల్లారి గ్లాసుతో దిగివచ్చిన ఎల్లప్ప తలుపు తట్టాడు, తోశాడు, మళ్ళీ మెట్లెక్కి పోయాడు. పది రోజులు తిరక్కుండా గల్లీ వైపు నుంచి ఒక ఇనుప మెట్ల వరస వెల్డింగ్ చేయించుకున్నాడు. తమ్ముణ్ణి ఏమీ అనలేదు. తమ్ముడూ ఏమీ అనలేదు. ఇద్దరూ మర్యాదస్తులు. మర్యాద అనేదే లేకపోతే వాళ్ళు ఎప్పుడో గట్టిగా కొట్లాడుకుని, సాయంత్రానికి కలిసిపోయి ఉండేవాళ్ళు.

అప్పటి నుంచి వైకుంఠం మనసు ఆ తలుపు దగ్గరికి రాగానే, గల్లీలో మూత లేని మ్యాన్‌హోల్ దగ్గర స్కూటరు తిప్పినట్టు, అలవాటుగా పక్కకు తిరుగుతుంది. అటు చూడనక్కరలేని తలుపు ముందు ఇప్పుడు చూడదగ్గ సంచి ఒకటి వచ్చి కూర్చుంది. ఆపద సంచి వల్ల లాభాలు అడుగుతారే! ఇది మొదటిది.

రెండో లాభం, భయానికి ఒక చోటు దొరకడం. అంతకు ముందు వైకుంఠం భయం ఇల్లంతా చిందరవందరగా పడి ఉండేది. పొయ్యి మీద కొంత, స్విచ్చి బోర్డు మీద కొంత, కూతురు సెల్‌ఫోను మీద చాలా. ఇప్పుడది చక్కగా మడతలు పెట్టి, ఒకే సంచిలో, జిప్పు వేసి ఉంది. పడుకునే ముందు ఆ జిప్పును ఒకసారి తడిమి చూసుకుంటే నిద్ర పట్టేది. ఇంత చవకగా నిద్ర పట్టించే డాక్టరు ఈ నగరంలో ఉన్నాడా?

అయితే ఇంట్లోవాళ్ళకు ప్రళయం మీద గౌరవం తక్కువ. స్రవ్య పవర్ బ్యాంకు తీసుకుంది. స్వరూప వేలు తెగితే పట్టీ తీసుకుంది, కరెంటు పోతే కొవ్వొత్తి తీసుకుంది. ఎప్పుడూ దొరకని కత్తెర చివరికి సంచిలో చేరింది కాబట్టి పాలప్యాకెట్ కోయడానికి కూడా సంచి దగ్గరికే వచ్చేవాళ్ళు. బిస్కెట్లు ఎవరు తిన్నారో ఎవరూ ఒప్పుకోలేదు. ఎందుకు అడగకుండా తీస్తున్నారని వైకుంఠం డిపో గొంతుతో నిలదీస్తే, ఆపద వచ్చింది కాబట్టే తీశామని తల్లీకూతుళ్ళు అన్నారు. మరి ఆపద రాకపోతే పాలప్యాకెట్ ఎందుకు కోస్తాం?

దాంతో అతను సరుకంతా మళ్ళీ నింపి, జిప్పు మీద అడ్డంగా, నిలువుగా టేపు వేశాడు. లోపల టార్చి, తాడు, ఈల, వెండి దుప్పటి, కత్తెర అన్నీ భద్రం. ఈలను మాత్రం మనసు మార్చుకుని బయటికి తీసి మెడలో వేసుకున్నాడు. వేసుకున్నాక ఊదకుండా ఉండడం ఎవరి తరం?

టేపు వేయడానికి ముందే ఒకసారి జిప్పు తెగింది. గల్లీ మొగదల సంచులు బాగుచేసే మున్నా ఇంటికే వచ్చి, దాన్ని చేతుల్లోకి తీసుకోబోయి, బరువుకు వంగిపోయి, మళ్ళీ కింద పెట్టాడు.

"జిప్ కా క్యా గల్తీ హై అన్నా," అన్నాడు. "పూరా ఘర్ భర్ దియే ఆప్ ఇస్మే."

జిప్పు తప్పేముంది, ఇల్లంతా ఇందులోనే నింపావన్న ఆ మాట వైకుంఠానికి మెచ్చుకోలుగా వినబడింది. నిజానికి ఇల్లంతా నిండలేదు. సగం ఇల్లు మీద ఉంది.

ఒక ఆదివారం మాక్ డ్రిల్ పెట్టాడు. ఈల ఊదగానే ముగ్గురూ చెప్పులేసుకుని, సంచితో గల్లీలోకి వచ్చి, ఎత్తు మీదున్న మెయిన్ రోడ్డు దాకా నడవాలి. ఊదాడు. సంచి ఎత్తుకున్నాడు. మూడిళ్ళు దాటేసరికి దించాడు. గల్లీలో వాళ్ళు పనులు ఆపి చూశారు. మీద నుంచి సుందరమ్మ, ఏ గుడికి పోతున్నారని తోడికోడల్ని అడిగింది. మగవాళ్ళ మౌనానికి ఆడవాళ్ళు ఎన్నడూ సంతకం పెట్టలేదు కాబట్టి వాళ్ళ మాటలు మామూలుగానే నడుస్తున్నాయి.

"యాడికి లేదక్కా," అంది స్వరూప. "మునిగిపోతున్నం."

సుందరమ్మ పక్కనే ఎల్లప్ప తువ్వాలతో తల తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. తమ్ముడి వైపు చూడకుండా, స్రవ్యను చూసి నెమ్మదిగా చెప్పాడు.

"బిడ్డా, నీళ్ళొస్తె మొదలు గల్లీలకే వస్తయి. గల్లీలకు ఉరికితే ఎట్ల?"

వైకుంఠం ఆ సమయానికి సంచి పట్టీ సరిచేసుకుంటూ ఉండటం వల్ల ఆ మాట వినబడలేదు. వినబడనివి అర్థమయ్యే ప్రసక్తి లేదు. డ్రిల్ విజయవంతమైంది. ఇంటికి తిరిగి వచ్చి, సంచిని మళ్ళీ మెట్ల తలుపుకు ఆనించాడు.

ఒక్క స్వరూప మాత్రం శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు ఆ సంచిని జరిపేది. మున్నా ఎత్తలేని బరువును ఆమె ఒంటిచేత్తో ఎలా ఈడ్చేదో, అక్కడ తుడవడానికి అంతసేపు ఏముంటుందో వైకుంఠం ఆలోచించలేదు. ఆ వేళకు అతను డిపోలో ఉండేవాడు.

వానలు వెనకపట్టు పట్టాయి అనుకున్నాక, ఒక మధ్యాహ్నం నిండు ఎండలో మూసీ వచ్చింది. వికారాబాద్ దిక్కు పడ్డ వాన అది. ఆటోకు మైకు కట్టి, మీది చెరువుల గేట్లు ఎత్తారని, నది ఒడ్డువాళ్ళు జాగ్రత్తగా ఉండాలని చెప్పుకుంటూ పోయారు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న వైకుంఠం లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ ముఖంలో ఉన్నది దిగులు కాదు. చదివిన ప్రశ్నే పరీక్షలో వచ్చిన పిల్లవాడి వెలుగు!

అతను వెలిగేలోపే మోరీ పొంగింది. చెప్పులు వెతుక్కునేలోపే గల్లీ నిండింది. తలుపు తీసి చూస్తే మెయిన్ రోడ్డు దారి లేదు. గోధుమరంగు నీళ్ళు ఎత్తైన అరుగు అంచును తాకుతూ, నడుము లోతున, ఎవరి డ్రమ్మునో దొర్లించుకుంటూ పోతున్నాయి. ఎల్లప్ప ఇనుప మెట్లు కింది భాగం మునిగి, డ్రమ్ము తగిలినప్పుడల్లా ఊగుతున్నాయి. డ్రిల్‌లో ఉన్న దారి ఒక్కటే. ఆ దారిలో ఇప్పుడు నది ఉంది.

వైకుంఠం తలుపు మూసి లోపలికి వచ్చాడు. సంచి తెరవాలి. సంచిలో ఏదో ఒకటి ఉంటుంది. టేపు గోరుతో రాలేదు. కత్తెర కావాలి. కత్తెర సంచిలో ఉంది.

అప్పుడతను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఈల ఊదాడు. గడ్డం ఆయన చెప్పినట్టే, ఆగి ఆగి, గట్టిగా ఊదాడు. గడప మీదుగా నీళ్ళు గదిలోకి నెమ్మదిగా, చుట్టపు చూపుగా వచ్చాయి. స్రవ్య పుస్తకాలను మంచం మీదికి విసిరి, తనూ ఎక్కి నిలబడింది. ఏడవలేదుగానీ, బాపు వైపు చూసిన చూపు ఏడుపు కంటే చిన్నది కాదు. అతను ఇంకా గట్టిగా ఊదాడు. నీళ్ళు చీలమండ దాటాయి. స్వరూప వచ్చి, చిన్నపిల్లవాడి నోట్లోంచి మట్టి తీసినట్టు, అతని నోట్లోంచి ఈల తీసేసింది.

"జర ఆపయ్యా. బావ ఎప్పటిసంది కొడుతుండో. నీ ఈల సప్పుడుల ఇనస్తనే లేదు."

ఈల ఆగింది. నీళ్ళ చప్పుడు. ఆ చప్పుడు వెనక, సంచి వెనక, తలుపు మీద వేళ్ళతో తట్టడం. పిడికిలితో బాదడం కాదు. చాయ్ కోసం వచ్చినవాడు తట్టినట్టు.

"వైకుంఠం," అంది అవతలి గొంతు. "గడియ నీ దిక్కే ఉన్నదిరా."

ఆపద సంచి మహిమను శంకించేవాళ్ళకు ఇప్పుడైనా నోరు మూతపడాలి. ఆ గండంలో ఆ కుటుంబానికి అది చేయగలిగిన మేలు చేసింది. తడిసిన నేల మీద, మోకాలితో తోస్తే జారి పక్కకు జరిగింది. జరగగానే దాని వెనక తలుపు కనబడింది.

వైకుంఠం గడియ మీద చెయ్యి వేశాడు. బిగించిన నాటి నుంచి అతను దాన్ని తాకలేదు. ఇన్ని వానాకాలాల తుప్పుకు అది బిగుసుకుపోయి ఉంటుందని, సుత్తి సంచిలో ఉందో లేదో అని, ఆ ఒక్క క్షణంలో కూడా అతని బుర్ర సరుకు లెక్కలోకే పోయింది. వేలు జారింది. గడియ నున్నగా, మెత్తగా ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె. చిన్నప్పుడు అన్న మెడ మీద కూర్చుని, పొడుగాటి చెవి పట్టుకుని, తడిసిన తలలోంచి పీల్చిన వాసన.

స్వరూప వైపు తిరిగాడు. ఆమె స్రవ్య చెయ్యి పట్టుకుని మంచం దించుతూ, దూలాల కేసి ఎక్కడో చూస్తోంది.

వైకుంఠం గడియ లాగాడు.